పేషెంట్ చనిపోతే బాధ బదులు విసుగొస్తోంది: ఒక మొదటి సంవత్సరం పీజీ ప్రశ్నకు నా జవాబు

అడిగింది క్లుప్తంగా ఇదీ. ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ పీజీ, చేరి ఏడు నెలలు. వారానికి రెండు 24 గంటల డ్యూటీలు, అవి కాస్తా 36 అవుతున్నాయి. పోయిన వారం వార్డులో ఒక పెద్దావిడ చనిపోతే బాధ రాలేదు, ‘ఇప్పుడు డెత్ సమ్మరీ రాయాలి కదా’ అని విసుగొచ్చింది. పక్కన నిలబడి ఏడుస్తున్న ఆమె కొడుకుని కసురుకున్నారు. మెడిటేషన్ యాప్ పెట్టుకుని మూడో రోజు తీసేశారు. ఇది డిప్రెషనా, నేనే ఇలాంటివాణ్ణా, సీటు వదిలేయాలా, ముదరకుండా మానసికంగా ఏం చేసుకోవచ్చు, ఆ కొడుకు విషయంలో ఏం చేయాలి అని అడిగారు.

నేను సైకియాట్రిస్టుని. బోధనాసుపత్రుల్లో పాతికేళ్ల పైనే గడిచాయి. పన్నెండేళ్లుగా పీజీలతో వారానికో గంట కూర్చునే చిన్న గ్రూపు ఒకటి నడుపుతున్నాను. కింద రాసేదంతా ఎక్కువగా అక్కడ విన్నదీ, కన్నదీ. మనుషుల ఆనవాళ్లు మార్చేశాను.

ముందు సూటిగా జవాబు. మీరు రాసినదాన్ని బట్టి ఇది బర్నౌట్‌లాగే, అంటే పని ఒత్తిడికి మనిషి లోపల ఆరిపోవడంలాగే ఉంది. మీరు రాతిగుండె మనిషే అయితే ఆ విసుగు గురించి వారం తర్వాత కూర్చుని ఇంత పొడుగు ప్రశ్న రాసేవారు కాదు. డిప్రెషన్ కూడా తోడై ఉందో లేదో చూడాలి, ఎలాగో కింద చెబుతాను. సీటు గురించి ఈ నెల ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ముందు నిద్ర, తర్వాత నిజం చెప్పుకోవడానికి ఒక మనిషి, ఆ తర్వాతే మిగతా పద్ధతులు. మీరు మూడోదానితో మొదలుపెట్టారు, అందుకే యాప్ మూడు రోజులకే మూలపడింది.

బర్నౌట్ అనే మాటని ఈ అర్థంలో 1974లో ప్రచారంలోకి తెచ్చింది హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు. న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో రాత్రిళ్లు పనిచేసేవాడు, తనూ తన తోటి వలంటీర్లూ ఎలా ఆరిపోతున్నారో చూసి రాశాడు. అంటే ఇది పుట్టిందే మనలాంటి చోట. తర్వాత క్రిస్టినా మాస్లాక్ దీన్ని మూడు ముక్కలుగా విడదీసి, 1981లో కొలిచే ప్రశ్నావళి తయారుచేసింది. ఒకటి, లోపల ఊట ఎండిపోవడం. రెండు, ఎదుటి మనిషి మనిషిలా కనపడకపోవడం. మూడు, నేను చేసేదాంట్లో ఏమీ లేదనిపించడం. మీ పెద్దావిడ సంగతి రెండోది. ‘ఏడో బెడ్ ఎక్స్‌పైర్ అయ్యింది’ అంటాం చూడండి, బెడ్ చనిపోయినట్టు, అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల పట్టిక, 2022 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11, దీన్ని జబ్బుగా లెక్కపెట్టలేదు. పనిచోట చాలాకాలం ఒత్తిడి సర్దుబాటు కాక వచ్చే స్థితి అంది. నాకు ఆ వర్గీకరణ నచ్చుతుంది. జబ్బు అంటే దోషం మీ ఒంట్లో ఉన్నట్టు. ఇక్కడ సగం దోషం డ్యూటీ చార్టులో ఉంది.

మొద్దుబారడం ఎందుకొస్తుందో నా సొంత అనుభవం చెబుతాను. తొంభైల్లో నేను హౌస్ సర్జన్ని. ఒక రాత్రి పదేళ్ల పిల్లాణ్ణి తెచ్చారు, కట్లపాము కాటు. అప్పటికే కనురెప్పలు వాలిపోయాయి, ఊపిరి అందడం లేదు. వెంటిలేటర్లు ఉన్నవి రెండు, రెండూ ఖాళీ లేవు. ట్యూబు వేసి అంబు బ్యాగు, అంటే చేత్తో ఊపిరి కొట్టే సంచి, నొక్కుతూ కూర్చున్నాం, నేను కాసేపు, వాళ్ల నాన్న కాసేపు. ఆయనకి లెక్క చెప్పాను, నొక్కు, వదులు, నొక్కు, వదులు. తెల్లారుజామున ఐదింటికి పిల్లాడు పోయాడు. నేను మెస్‌కి వెళ్లి నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీలో ఉప్పు తక్కువైందని మెస్ కుర్రాడితో గొడవపడ్డాను కూడా. గదికి పోయాక నాకు నామీదే భయం వేసింది. ఆ పిల్లాడి మీద ఏడుపు నాకు నాలుగేళ్ల తర్వాత వచ్చింది, ఒక పెళ్లిలో, అన్నం వడ్డిస్తుండగా.

దీన్నిబట్టి నేను తెలుసుకున్నది ఒకటే. ఆ క్షణంలో బాధ రాకపోవడం తప్పు కాదు. అది రాకపోవడం వల్లే ఆరింటికి వచ్చిన హార్ట్ ఎటాక్ కేసుకి చేయి వణక్కుండా నరానికి సూది (లైన్) వేయగలిగాను. తర్వాతైనా ఆ బాధ దిగడానికి చోటు లేకపోవడమే చెరుపు చేస్తుంది. ఆరోజు ఆ వార్డులో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. అలా ఒకటి, పది, యాభై పేరుకుంటే మనసు తలుపు మొత్తానికే మూసేస్తుంది. మూసినప్పుడు పేషెంట్ల మీద ఒక్కళ్ల మీదే మూయదు. అమ్మ ఫోన్ చేసినా చిరాకే.

ఇంకో కారణం ఉంది, ఇది మన రాష్ట్రాల్లో చదువుకున్నవాళ్లకి మరీ ఎక్కువ. ఇంటర్ హాస్టల్లో పొద్దున ఐదింటికి లేపిన రోజు నుంచీ మనకి ఒకటే లెక్క నేర్పారు: ఎక్కువ గంటలు కూర్చుంటే ఎక్కువ మార్కులు, తక్కువొస్తే తప్పు నీదే. ఎంసెట్, నీట్, లాంగ్ టర్మ్, మళ్లీ పీజీ నీట్, అన్నిచోట్లా ఆ లెక్క ఎంతో కొంత పనిచేసింది. వార్డులో ఆ లెక్క కుదరదు. 36 గంటలు నిలబడ్డా లివర్ పాడైన సిరోసిస్ పేషెంట్ పోతాడు. నిద్రపోయి వచ్చినా న్యుమోనియా తగ్గుతుంది. కష్టానికీ ఫలితానికీ ఉన్న తాడు తెగిపోయినా, తప్పు నాదే అనే అలవాటు మాత్రం మిగిలిపోతుంది. నా దగ్గరికి వచ్చే పీజీల్లో ర్యాంకర్లే ఎక్కువ అనిపించడానికి కారణం ఇదే అనుకుంటాను.

నిద్ర గురించి. దీన్ని మానసిక విషయం కాదని దాటేయకండి. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చేతులూ చూపూ రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పనిచేస్తాయని 1997లోనే నేచర్ పత్రికలో చూపించారు. మన మోటారు వాహనాల చట్టంలో బండి నడపడానికి హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. డ్యూటీ దిగి బండెక్కే ప్రతి పీజీ ఆ లెక్కన తాగి నడుపుతున్నట్టే. కోపం, కసురు, ‘వీళ్లింతే’ అనే చులకన, ఇవన్నీ మూడో రాత్రి నిద్ర చెడేసరికి ఎవరికైనా వస్తాయి.

ఒక సర్జరీ పీజీని నా దగ్గరికి ‘క్రమశిక్షణ సమస్య’ అని పంపారు. అటెండర్ల ముందు కేస్ షీట్ విసిరికొట్టాడు. మూడు వారాల డ్యూటీలు ఎదురుగా కూర్చోబెట్టి రాయించాను. సగటున రోజుకి నాలుగు గంటల నిద్ర కూడా లేదు. నేను ఏ కౌన్సెలింగూ చేయలేదు. వాళ్ల యూనిట్ చీఫ్‌కి ఫోన్ చేసి, డ్యూటీ మర్నాడు రౌండ్స్ అవగానే వదిలేయమని బతిమాలాను. పది రోజుల తర్వాత అతనే వచ్చి, “మేడం, నాకు ఇప్పుడు ఆకలేస్తోంది” అన్నాడు. కోపం తగ్గిందని చెప్పలేదు, ఆకలేస్తోందన్నాడు. నాకు అది చాలు అనిపించింది.

మీరు చేయగలిగింది చెబుతాను. డ్యూటీకి వెళ్లే ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి. రాత్రి రెండు మూడు గంటల మధ్య ఇరవై నిమిషాల కునుకు కోసం కో-పీజీతో వంతులు వేసుకోండి. అరగంట దాటితే లేచాక బుర్ర మొద్దుగా ఉంటుంది, ఆ మొద్దు వదిలేదాకా డోసులు రాయకండి. డ్యూటీ దిగాక బండి తాళం జేబులోనే ఉంచి ఆటో ఎక్కండి. పగలు పడుకునేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టండి. యూనిట్ వాట్సాప్ గ్రూపు నాలుగు గంటలు మీరు లేకుండా బతుకుతుంది. నిద్ర కోసం వార్డు ట్రేలోంచి మాత్రలు తీసుకునే అలవాటు ఉంటే ఈరోజే ఆపండి, ఆపలేకపోతే దాచకుండా ఎవరికైనా చూపించుకోండి.

ఒక మనిషి గురించి. ఇంటి దగ్గర్నుంచి రోజూ ఫోన్ వస్తుంది. “తిన్నావా?” “తిన్నా.” “డ్యూటీ ఎలా ఉంది?” “బానే ఉంది.” ఈ నాటకం ఆపమని చెప్పను, అమ్మానాన్నలకి అన్నీ చెప్పలేం. కానీ నిజం వినే మనిషి ఒక్కరు ఉండాలి. అన్నో, పాత హౌస్ సర్జన్సీ స్నేహితురాలో, రెండేళ్లు ముందున్న సీనియరో. సలహా ఇచ్చే రకం కాకుండా వినే రకం అయితే మేలు. ‘ఈరోజు ఇలా జరిగింది, నాకు విసుగొచ్చింది, సిగ్గుగా ఉంది’ అని గట్టిగా పైకి అన్నాక ఆ సిగ్గు సగం పలచబడుతుంది. మీరు ఆ పని ఇక్కడ, ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు చేశారు. అంటే ఆ అవసరం మీకు తెలుసు.

ఇదే పనిని పదిమందితో కలిసి, ఒక పద్ధతిలో చేస్తే దాన్ని బాలింట్ గ్రూపు అంటారు. 1950ల్లో లండన్‌లో మైకేల్ బాలింట్, ఎనిడ్ బాలింట్ దంపతులు జనరల్ ప్రాక్టీషనర్లతో మొదలుపెట్టారు. మేం చేసేది ఇలా ఉంటుంది. గురువారం సాయంత్రం నాలుగున్నర, టీ, సమోసా. ఎనిమిది నుంచి పదిమంది. ఒకరు తనని వదలకుండా పట్టుకున్న ఒక పేషెంట్ గురించి కేస్ షీట్ చూడకుండా ఐదారు నిమిషాలు చెబుతారు. తర్వాత కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని నోరు మెదపకుండా వింటారు. మిగతావాళ్లు ఆ పేషెంట్‌కి ఏమనిపించి ఉంటుంది, డాక్టర్‌కి ఏమనిపించి ఉంటుంది, ఆ మంచం పక్కన నిలబడ్డ భార్యకి ఏమనిపించి ఉంటుంది, ఇవే మాట్లాడతారు. ‘పొటాషియం ఎందుకు చూడలేదు’ అన్న ప్రశ్న నిషేధం. మొదటి రెండు మూడు వారాలు ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేయకుండా ఉండలేరు, నవ్వి ఆపేస్తాం. హెచ్‌ఓడీలని, అంటే విభాగాధిపతుల్ని, రానివ్వం. ఒకసారి ఒక హెచ్‌ఓడీ చూసిపోతానని వచ్చి కూర్చున్నారు, ఆ గంటంతా అందరూ గైడ్‌లైన్స్ అప్పజెప్పారు.

మీ దగ్గర ఇలాంటిది లేకపోతే ముగ్గురు చాలు. పోస్ట్ డ్యూటీ టిఫిన్ దగ్గర పది నిమిషాలు. నిన్న రాత్రిది ఒక్కటే ఒక్క సంగతి, ఒక్కొక్కరూ. సీనియర్ల మీద తిట్లు ఆ పది నిమిషాల తర్వాత.

మరణం జరిగిన చోటే చేయగలిగింది ఒకటి ఉంది. అమెరికాలో వర్జీనియాలో ఒక ఎమర్జెన్సీ నర్సు మొదలుపెట్టాడు. ఆగిన గుండెని మళ్లీ ఆడించే ప్రయత్నం (సీపీఆర్) ఆపేశాక అందరూ అలాగే నిలబడి అర నిమిషమో నిమిషమో మౌనంగా ఉంటారు, ఆ మనిషి కూడా ఎవరికో కొడుకూ, ఎవరికో తండ్రీ అని గుర్తు చేసుకుంటారు, తర్వాత పనిలోకి వెళతారు. మన వార్డుల్లో అందరూ ఆగడం కుదరదు, పక్క మంచం మీద ఇంకొకరికి ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతూ ఉంటుంది. మీరొక్కరే చేయండి. చేతులు కడుక్కునేటప్పుడు, నీళ్లు పడుతున్నంతసేపు, ఆ మనిషి పేరు ఒక్కసారి తలుచుకోండి. బెడ్ నంబర్ కాదు, పేరు. మూఢనమ్మకంలా ఉందని నవ్విన పీజీలే తర్వాత దీన్ని వదలకుండా చేస్తున్నారు.

మనిషి మనిషిలా కనపడకపోతే, అది తిరిగి రావడానికి నేను ఇచ్చే మందు చాలా చిన్నది. రోజుకి ఒక పేషెంట్‌ని, ఒక్కరినే, జబ్బుతో సంబంధం లేని ఒక్క ప్రశ్న అడగండి. “ఏ ఊరమ్మా మీది?” చాలు. మిగతాది వాళ్లే చెబుతారు. ఏ పంట వేశారు, కూతుర్ని ఎక్కడిచ్చారు, ఆర్టీసీ బస్సు ఎన్నింటికి. నిమిషం కూడా పట్టదు. ఒక నెఫ్రాలజీ కుర్రాడు డయాలిసిస్ పేషెంట్లతో ఇలా మొదలుపెట్టి, ఇప్పుడు ఏ ఊళ్లో ఏ మామిడి బాగుంటుందో నాకు చెబుతుంటాడు.

తప్పు జరిగిందనిపించే కేసులు వేరే. ఒక గైనిక్ రెండో సంవత్సరం అమ్మాయి చేతుల మీద బాలింత పోయింది, కాన్పు తర్వాత రక్తస్రావం. ఆ తర్వాత విచారణ, రివ్యూ ఫారాలు, ఎన్నింటికి చూశావు, ఎన్నింటికి ఇన్ఫార్మ్ చేశావు. అన్నీ అవసరమే. కానీ ఆ వారం రోజుల్లో ఆ పిల్లని “అన్నం తిన్నావా నాన్నా” అన్నవాళ్లు లేరు. రెండు నెలలపాటు డ్యూటీ అయిపోయినా ఇంటికి పోయేది కాదు, రాత్రి పన్నెండింటికి మళ్లీ వచ్చి ప్రతి బాలింత దగ్గరా బ్లీడింగ్ చూసుకునేది. ఇలాంటివాళ్లకి ఆల్బర్ట్ వూ అనే వైద్యుడు 2000లో రెండో బాధితులు అని పేరు పెట్టాడు, మొదటి బాధితులు పేషెంటూ ఇంటివాళ్లూ. ఆ అమ్మాయిని నిలబెట్టింది నేను కాదు. వాళ్ల అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకావిడ ఆదివారం ఇంటికి పిలిచి, ఆ రాత్రిని గంట గంటా కాగితం మీద రెండు వరుసలుగా రాయించింది. నీ చేతిలో ఉన్నవి, నీ చేతిలో లేనివి. దూరం నుంచి ఆలస్యంగా రావడం, రక్తం దొరకడానికి పట్టిన సమయం రెండో వరుసలోకి వెళ్లాయి. మొదటి వరుసలో కూడా ఒకటి మిగిలింది, పదిహేను నిమిషాలు ముందే పిలవాల్సింది అని. ఆవిడ దాన్ని కొట్టేయలేదు. “ఇది నిజమే. నాకూ ఇలాంటిది ఒకటుంది” అని తనది చెప్పింది. అంతా నీ తప్పేం లేదులే అని ఓదార్చి ఉంటే ఆ పిల్ల నమ్మేది కాదు.

మీరు కూడా ఆ రెండు వరుసల కాగితం రాయండి. బుర్రలో అనుకుంటే సరిపోదు, బుర్రలో అన్నీ మొదటి వరుసలోకే పోతాయి.

ఇక డిప్రెషన్. నా మోటు పరీక్ష ఒకటుంది. సంక్రాంతికి ఇంటికెళ్లి నాలుగు రోజులు పడుకుని, తిని, పిల్లలతో ఆడితే కాస్త ప్రాణం లేచొచ్చిందా? లేచొస్తే బర్నౌట్ వైపు మొగ్గుతాను. ఇంట్లో కూడా అరిసె చేదుగానే ఉంటే, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోతే, నిద్రకి టైమున్నా తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంటే, అది పనితో ఆగలేదని అర్థం. ఈ పరీక్ష నన్ను ఒకసారి ముంచింది కూడా. మత్తుమందు (అనస్థీషియా) విభాగంలో ఒక టాపర్ కుర్రాడు, ఎప్పుడూ ఫిర్యాదు లేదు, పనిలో తేడా లేదు. సెలవు తీసుకో, సర్దుకుంటుంది అన్నాను. మూడు నెలల తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేసింది, పండక్కి వచ్చినవాడు గదిలోంచి బయటికి రాలేదని. అడిగి ఉండాల్సిన ప్రశ్నలు నేను అడగలేదు, చురుగ్గా పనిచేస్తున్నాడు కదా అని మోసపోయాను. మందులు వాడాడు, కోర్సు ముగించాడు, ఇప్పుడు బాగున్నాడు. అప్పట్నుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి పీజీతోనూ పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి నింపిస్తాను. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల సంగతి. మీరూ నింపండి. పది గానీ పైన గానీ వస్తే డాక్టర్‌ని కలవండి. తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండుననే ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తం స్కోరు చూడక్కర్లేదు, అదే రోజు ఎవరికైనా చెప్పండి. టెలీ-మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ 14416కి ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పనిలో పనిగా హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 కూడా చూపించుకోండి. పేషెంట్లకి రోజూ రాస్తాం, మనం చేయించుకోం.

సొంత కాలేజీ సైకియాట్రీ ఓపీలో కూర్చోవాలంటే మొహమాటం, రేపు వైవాలో వాళ్లే ఎదురవుతారని భయం. అర్థం చేసుకోదగ్గదే. వేరే ఊళ్లో చూపించుకోండి. చెప్పిన సంగతి గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పేషెంట్‌కి ఇచ్చిన హక్కు, డాక్టర్ పేషెంట్ అయినా అంతే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మీరు మీకోసం చేసుకునేవి. వీటికి హద్దుంది, అది దాచి చెబితే మోసం. 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణలో, వ్యక్తులకి ఇచ్చే శిక్షణలూ, పనిచోట చేసే మార్పులూ అన్నీ కలిపి చూస్తే డాక్టర్లలో బర్నౌట్ 54 శాతం నుంచి 44కి తగ్గింది. తగ్గడం నిజమే, 44 మిగలడమూ నిజమే. ఆ మరుసటి ఏడాది వచ్చిన ఇంకో విశ్లేషణలో పనిచోట చేసిన మార్పులకే ఎక్కువ ఫలితం కనపడింది. అందుకే, డ్యూటీ చార్టు ముట్టుకోకుండా సెమినార్ హాల్లో ప్రాణాయామం క్లాసు పెట్టి ఫొటోలు దిగితే నాకు ఒళ్లు మండుతుంది. ప్రాణాయామం మంచిదే. దాన్ని 30వ గంటలో పెడితే సగంమంది శవాసనంలో గురకపెడతారు, నేను చూశాను.

కాగితం మీద మనకి ఏముందో తెలుసుకోండి. 1992 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం రెసిడెన్సీ స్కీం ఆదేశాల్లో జూనియర్ రెసిడెంట్లు మామూలుగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకి మించకుండా పనిచేయాలని రాసింది. పక్కనే ‘పని అవసరాన్ని బట్టి’ అనే మాట కూడా రాసింది, అన్నీ అందులోంచే జారిపోయాయి. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2023 పీజీ నిబంధనల్లో గంటల అంకె లేదు, ‘సహేతుకమైన పనిగంటలు’ అని మాత్రం ఉంది. పని అవసరాన్ని బట్టి వారానికో సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులు మాత్రం ఉన్నాయి. 2024లో ఎన్‌ఎంసీ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని సిఫారసు చేసింది. మీ లెక్క వేసుకుంటే ఎక్కడున్నారో తెలుస్తుంది.

ఈ కాగితాలు పట్టుకుని ఒక్కరే హెచ్‌ఓడీ గదిలోకి వెళ్లకండి. మొదటి సంవత్సరం వాళ్లంతా కలిసి, యూనిట్ చీఫ్ తీరిగ్గా ఉన్న రోజు చూసి, రెండే రెండు అడగండి. డ్యూటీ మర్నాడు రౌండ్స్ అవగానే వదిలేయడం ఒకటి. గడియపడే తలుపున్న, మంచమున్న డ్యూటీ రూమ్ రెండోది. 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఒక ట్రైనీ డాక్టర్ హత్యకి గురైంది రాత్రి డ్యూటీలో సెమినార్ హాల్లో విశ్రాంతి తీసుకుంటుండగా. ఆ తర్వాత డ్యూటీ రూమ్ అడిగితే విలాసం అనే ధైర్యం ఎవరికీ లేదు. పెద్ద జాబితా ఇస్తే ఒక్కటీ జరగదు. శాంపిల్స్ మోయడం, ట్రాలీ తోయడం లాంటివి తర్వాత, జూనియర్ డాక్టర్ల సంఘం ద్వారా.

రౌండ్స్‌లో అందరి ముందూ బూతులు, కులం ఎత్తి మాట్లాడటం, ఆడపిల్లల మీద వంకర మాటలు, థీసిస్ సంతకం అడ్డుపెట్టి సొంత పనులు చేయించుకోవడం, ఇవి మీకు జరుగుతుంటే దాన్ని బర్నౌట్ అనకండి. అది వేధింపు. దానికి ఓర్చుకునే పద్ధతులు నేర్పడం నా పని కాదు. తేదీలతో రాసి పెట్టుకోండి, యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. మీ ప్రశ్నలో అలాంటివి లేవు కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.

సీటు సంగతి. పోస్ట్ డ్యూటీ రోజున గానీ, ఒక మరణం జరిగిన రెండు వారాల్లోపు గానీ రాజీనామా రాయొద్దని మా పీజీలకి చెబుతాను. ముందు క్యాజువల్ లీవుల్లోంచి ఐదు రోజులు తీసుకోండి. మొదటి రెండు రోజులు ఉత్తినే పడుకోండి. నాలుగో రోజు కూర్చుని ఒక్కటే ఊహించుకోండి: ఇదే బ్రాంచి, కానీ సరిపడా నిద్రా, మనిషిలా మాట్లాడే యూనిట్ ఉంటే, నాకు ఈ పని కావాలా? కావాలనిపిస్తే సమస్య పరిస్థితులది. అప్పుడు కూడా వద్దనిపిస్తే బ్రాంచి గురించి ఆలోచించవచ్చు. సర్జరీ వదిలి పాథాలజీలోకి వెళ్లిన ఒకతను నాకు బాగా తెలుసు, స్లైడ్ల ముందు హాయిగా ఉన్నాడు, ఎవరూ అతన్ని తక్కువగా చూడటం లేదు. సీటు మధ్యలో వదిలేస్తే డబ్బు కట్టించుకునే సీట్ లీవింగ్ బాండ్ ఎత్తేయమని ఎన్‌ఎంసీ 2024 జనవరిలో రాష్ట్రాలని కోరింది. మీ కాలేజీలో ఇప్పుడు ఏం నడుస్తోందో అడ్మిషన్ల నాటి కాగితాలు తీసి చూసుకోండి, సీనియర్ల నోటిమాట మీద ఆధారపడకండి.

చివరిగా ఆ కొడుకు గురించి. పెద్దకర్మ అయ్యాక డెత్ సర్టిఫికెట్ కోసమో, పేరులో తప్పు సరిచేయించడానికో చాలామంది మళ్లీ వస్తారు. వస్తే గుమాస్తా గదికి పంపేయకుండా రెండు నిమిషాలు కూర్చోబెట్టండి. “ఆ రోజు మీతో సరిగా మాట్లాడలేదండీ, తప్పు నాది” అనండి. డ్యూటీ గంటల లెక్క చెప్పకండి, అది ఆయనకి అనవసరం. అమ్మ గురించి ఆయన ఏదైనా చెబితే వినండి. రాకపోతే మాత్రం కేస్ షీట్‌లో నంబర్ వెతికి ఫోన్ చేయకండి. అది మీ మనసు తేలికపడటానికి ఆయన దుఃఖాన్ని మళ్లీ కెలకడం అవుతుంది.